రోగిని చూసుకునేవారికీ కావాలి ఊరట
మంచం పక్కనే, చాప మీదే రోజుకు అరగంట యోగ

అనంతపురం: ఊళ్లో ఎవరైనా పక్షవాతంతో మంచాన పడితే పలకరించడానికి వీధి వీధంతా కదిలి వస్తుంది. పండ్లో, బ్రెడ్డు ప్యాకెట్టో తెచ్చి తలగడ పక్కన పెడతారు. ‘ఎట్లున్నావు పెద్దాయనా’ అని అడిగి, కాసేపు కూర్చుని వెళ్తారు. రేయింబవళ్లు ఆయనకు నీళ్లు పట్టి, బట్టలు మార్చి, పక్క శుభ్రం చేసే ఇల్లాలిని ‘నువ్వెట్లున్నావమ్మా’ అని అడిగేవారు అరుదు. ఆమెకూ నడుము నొప్పి ఉంటుందని, కంటికి కునుకు లేదని, ఉండుండి గుండె దడదడలాడుతోందని ఇంట్లో వారికి తట్టదు. చాలాసార్లు ఆమెకే తట్టదు.

దీర్ఘరోగం వచ్చిన ఇంట్లో మందు అవసరమయ్యేది ఒక్క రోగికే కాదు. సేవ చేసేవారిలో దిగులు, ఆందోళన, నిద్రలేమి సాధారణంగా కనబడతాయని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అటువంటివారికి యోగాభ్యాసం ఎంతవరకు పనికొస్తుందో మన జిల్లా వాసులకు బాగా తెలిసిన బెంగళూరు ఆస్పత్రిలోనే చేసి చూశారు. ఫలితం ఆశాజనకంగా ఉంది. ఖర్చు లేదు. ఒక చాప, అరగంట తీరిక ఉంటే చాలు. చిక్కంతా ఆ అరగంట తీరిక దగ్గరే ఉంది.

భారం ఎలా పెరుగుతుంది?

పక్షవాతం, మతిమరుపు జబ్బు, మూర్ఛ, తీవ్రమైన మానసిక వ్యాధి, కేన్సర్. ఇవేవీ వారంలోనో, పక్షంలోనో తగ్గిపోయే జబ్బులు కావు. మొదటి నెలలో బంధువులంతా తోడుంటారు. మూడో నెలకు ఎవరి పనుల్లో వారు పడతారు. చివరికి భారమంతా ఒక్కరి మీద నిలుస్తుంది. ఎక్కువ ఇళ్లలో ఆ ఒక్కరు భార్యో, కోడలో, పెళ్లికాని కూతురో అయి ఉంటారు.

కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని వైద్యులు చెబుతారు. లేకుంటే వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడతాయి. అంటే సేవ చేసేవారు రాత్రిపూట కూడా రెండు గంటలకోసారి లేవాలి. అలా లేచి లేచి నెలలు గడిస్తే గాఢనిద్ర అన్నది మరిచిపోవలసిందే. తెల్లవారితే పొయ్యి, పాడి, పొలం పనులు ఎదురు చూస్తుంటాయి. రోగికి అన్నం తినిపించి తాను తినేసరికి మధ్యాహ్నం మూడవుతుంది.

శరీర శ్రమ ఒక ఎత్తు. మనసులోని కలత మరో ఎత్తు. రేపు ఏమవుతుందో తెలియదు. మందులకు చేసిన అప్పు ఎలా తీరుతుందో తెలియదు. మతిమరుపు జబ్బు వచ్చిన అవ్వ కన్నకొడుకునే పోల్చుకోలేక ‘నువ్వెవరు’ అంటే ఆ బాధ చెప్పుకోవడానికి మాటలుండవు. విసుగుతో రోగిని ఒక మాట అనేసి, తర్వాత ‘పాపం చేశాను’ అని తనలో తాను కుమిలిపోయేవారు ఎందరో ఉంటారు.

ఈ స్థితి చాలాకాలం సాగితే రక్తపోటు పెరగవచ్చు. మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపు తప్పవచ్చు. తలనొప్పి, కడుపులో మంట, మెడ పట్టేయడం మామూలైపోతాయి. సేవ చేసేవారు కూడా పడిపోతే ఆ ఇంట్లో ఒక మంచానికి రెండు మంచాలవుతాయి.

బెంగళూరులో చేసి చూసిన సంగతి

మన దేశపు ఆస్పత్రుల్లో రోగి వెంట ఇంటివారు ఉండడం ఆనవాయితీ. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచారు. ఇంటివారు దగ్గరుంటే రోగి త్వరగా కోలుకుంటాడని ఆయన అనుభవంలో తేలింది. ఆ తర్వాత దేశంలోని ఇతర వైద్యశాలలూ ఆ దారి పట్టాయి. కాని దగ్గరుండే ఆ బంధువు పరిస్థితి ఏమిటన్న ప్రశ్నపై దృష్టి పడింది మాత్రం చాలా ఆలస్యంగానే.

బెంగళూరు హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థను అందరూ నిమ్హాన్స్ అని పిలుస్తారు. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, అనంతపురం నుంచి సుమారు 210 కిలోమీటర్లు. మూర్ఛ వచ్చినా, మెదడులో గడ్డ అన్నా, మతి చలించినా మన ప్రాంతంవారు రైలో, బస్సో ఎక్కి వెళ్లేది అక్కడికే.

నరాల, మెదడు జబ్బులతో ఆ ఆస్పత్రిలో చేరిన రోగుల వెంట వచ్చిన బంధువులు 60 మందిపై అక్కడి నిపుణులు జరిపిన పరిశీలన 2013లో అచ్చయింది. చీటీలు వేసి ఎంచినట్టుగా వారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు యోగ నేర్పించారు. రెండో జట్టుకు నేర్పలేదు. మొదట్లో ఒకసారి, నెల తర్వాత మరోసారి అందరినీ ప్రశ్నలడిగి వారి ఆందోళన, దిగులు ఏ మేరకు ఉన్నాయో లెక్కగట్టారు. యోగ చేసినవారిలో ఆందోళన, దిగులు రెండూ బాగా తగ్గాయి. జీవితం మీద తృప్తి పెరిగింది. చేయనివారితో పోల్చి చూసినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపించింది.

తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారి బంధువులపైన కూడా అదే సంస్థలో ఒక చిన్న పరిశీలన చేశారు. అదీ 2013లోనే వెలువడింది. అందులో పాల్గొన్నవారు 29 మందే. కొన్ని వారాలు ఆస్పత్రిలో నేర్చుకుని, తర్వాత ఇంటి దగ్గర సాధన చేసినవారికి మోస్తున్న భారం తేలికైనట్టు అనిపించిందని తేలింది.

అదే ఏడాది అమెరికాలోని లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయ నిపుణులు మరో ఫలితం ప్రకటించారు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దలను ఇంట్లో చూసుకుంటూ దిగులుతో ఉన్న 39 మందిని వారు పరిశీలించారు. కొందరిచేత రోజుకు 12 నిమిషాల చొప్పున 8 వారాలు యోగధ్యానం చేయించారు. స, త, న, మ అనే నాలుగు అక్షరాలు పలుకుతూ, ఒక్కో అక్షరానికి ఒక్కో వేలి కొసను బొటనవేలితో తాకించే ధ్యానమది. మిగతావారికి అంతే సేపు హాయిగా ఉండే సంగీతం వినిపించారు. ధ్యానం చేసినవారిలో దిగులు ఎక్కువగా తగ్గింది.

ఇవన్నీ చిన్న పరిశీలనలు. యోగతో అన్నీ తీరిపోతాయని వీటిని బట్టి చెప్పలేం. అయితే మూడింటిలోనూ ఫలితం ఒకే వైపు మొగ్గింది. యోగ నేర్చుకున్నవారు యోగులేమీ కారు. మనలాగే రోగిని వెంటబెట్టుకుని వచ్చిన సామాన్య గృహస్థులు.

ఊపిరికీ గుండెకీ లంకె

శ్వాసను దిద్దితే మనసు ఎలా కుదుటపడుతుంది? ఇందులో మాయ ఏమీ లేదు. లోనావ్లాలో స్వామి కువలయానంద 1924లో కైవల్యధామ స్థాపించి, ఆసన ప్రాణాయామాలను శాస్త్ర పరికరాలతో పరీక్షించడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి దీనిపై పరిశోధన సాగుతూనే ఉంది.

కొట్టడానికి ఎద్దు మీదికొస్తే మనిషి ఒంట్లో ఏమవుతుందో అందరికీ అనుభవమే. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథులు వదిలే రసాయనాల పని అది. ఎద్దు పోయాక ఒళ్లు మళ్లీ మామూలవుతుంది. కాని రోగిని చూసుకునేవారికి ఎద్దు ఎప్పుడూ ఎదుటే నిలబడి ఉన్నట్టు. రోగి దగ్గినా, మూలిగినా ఉలిక్కిపడాలి. అందుకే ఒళ్లు మామూలు స్థితికి రాలేకపోతుంది.

గుండెను మన ఇష్టం వచ్చినట్టు నెమ్మది చేయలేం. ఊపిరిని మాత్రం చేయగలం. మెదడు అడుగు నుంచి మెడ గుండా గుండెకు, పొట్టకు దిగే వేగస్ అనే నరం ఒకటుంది. ఒంటిని శాంతపరిచే పని దానిదే. ఊపిరి నెమ్మదిగా, నిడివిగా వదిలేటప్పుడు ఈ నరం గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. నాలుగు అంకెలు లెక్కించే సేపు పీల్చి, ఆరు లెక్కించే సేపు వదిలితే నిమిషానికి సుమారు 6 శ్వాసలే అవుతాయి. అలా ఐదు నిమిషాలు చేస్తే భుజాలు సడలడం, దవడ బిగువు వదలడం ఎవరికి వారికే తెలుస్తుంది.

ఇంట్లో సాధన ఇలా

యోగ అనగానే తలకిందులుగా నిలబడడం, కాళ్లు మెడకు చుట్టుకోవడం చాలామందికి గుర్తొస్తాయి. సేవ చేసేవారికి అవేవీ అక్కర్లేదు. ఎవరైనా చేయగల తేలిక సాధనలు సరిపోతాయి. కింద చెప్పినవన్నీ కలిపి 25 నిమిషాలు పడతాయి. మొదట్లో తెలిసినవారి ఎదుట నాలుగైదు రోజులు చేసి నేర్చుకోవడం మేలు.

పొద్దున కాలకృత్యాలయ్యాక, రోగి నిద్ర లేవకముందు చేస్తే మంచిది. అప్పుడు కుదరకపోతే సాయంత్రం చేయవచ్చు. భోజనం చేసి మూడు గంటలు దాటి ఉండాలి. గాలి వచ్చే చోట చాపో, జంపఖానాయో పరుచుకోవాలి. రోగిని వదిలి వెళ్లలేనివారు అదే గదిలో మంచం పక్కనే చేసుకోవచ్చు.

కీళ్ల కదలిక, 4 నిమిషాలు: కూర్చుని మణికట్లు, మోచేతులు, భుజాలు, చీలమండలు రెండువైపులా మెల్లగా తిప్పాలి. మెడను కుడికి, ఎడమకు తిప్పితే చాలు. గిర్రున తిప్పకూడదు.

తాడాసనం, 2 నిమిషాలు: పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడాలి. ఊపిరి పీలుస్తూ రెండు చేతులూ పైకెత్తి ఒళ్లంతా సాగదీయాలి. వదులుతూ దించాలి. ఐదారుసార్లు చేయాలి. కళ్లు తిరిగే గుణం ఉంటే గోడ దగ్గర నిలబడి చేయాలి.

మార్జాలాసనం, 3 నిమిషాలు: పిల్లిలా చేతులు, మోకాళ్ల మీద నిలవాలి. ఊపిరి పీలుస్తూ నడుము కిందికి వంచి తల పైకెత్తాలి. వదులుతూ వీపు పైకి వంచి తల దించాలి. రోగిని ఎత్తి దించి పట్టేసిన నడుముకు ఇది హాయినిస్తుంది.

శశాంకాసనం, 2 నిమిషాలు: మడమల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకు ఆనించాలి. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుని, ఎదుట ఉన్న మంచం అంచు మీద చేతులు పెట్టి వాటిపై తల ఆనిస్తే సరిపోతుంది.

మకరాసనం, 2 నిమిషాలు: బోర్లా పడుకుని చేతులు మడిచి తలకింద పెట్టుకోవాలి. కాళ్లు ఎడంగా వదిలేయాలి. పొట్ట నేలను తాకి ఎలా కదులుతోందో గమనిస్తూ ఊపిరి తీయాలి.

నాడీశోధనం, 5 నిమిషాలు: నిటారుగా కూర్చోవాలి. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమ ముక్కుతో పీల్చాలి. ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి కుడి ముక్కుతో వదలాలి. మళ్లీ కుడి ముక్కుతో పీల్చి ఎడమ ముక్కుతో వదలాలి. ఇది ఒక చుట్టు. తొమ్మిది చుట్లతో మొదలుపెట్టి పదిహేను దాకా పెంచుకోవచ్చు. ఊపిరి బిగబట్టనక్కర్లేదు.

భ్రామరి, 2 నిమిషాలు: బొటనవేళ్లతో చెవులు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చి, నోరు మూసుకునే తుమ్మెద రొదలా ‘మ్‌మ్‌మ్’ అంటూ వదలాలి. ఐదారుసార్లు చాలు.

శవాసనం, 5 నిమిషాలు: వెల్లకిలా పడుకుని కాళ్లు చేతులు వదులుగా వేయాలి. పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నే తలచుకుంటూ సడలించాలి. కునుకు పట్టినా తప్పేమీ లేదు. నిద్రకు మొహం వాచిన మనిషికి అదీ మేలే.

అరగంట దొరకని రోజున మొత్తం మానేయనక్కర్లేదు. నాలుగు అంకెల సేపు పీల్చి, ఆరు అంకెల సేపు వదిలే శ్వాస ఒక్కటి ఐదు నిమిషాలు చేయవచ్చు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర కూర్చున్నా, ఆస్పత్రి వరండాలో చీటీ కోసం కాచుకున్నా అది వీలవుతుంది. ఒకనాడు గంటసేపు చేసి వారం మానేయడం కంటే రోజూ కొద్దిసేపు చేయడమే గుణమిస్తుంది.

ఎవరు జాగ్రత్త పడాలి

రక్తపోటు, గుండెజబ్బు, కంటిలో నీటికాసులు ఉన్నవారు తలకిందుల ఆసనాల జోలికి పోకూడదు. ఊపిరి బిగబట్టడం, కపాలభాతి, భస్త్రిక వంటి వేగపు శ్వాసలు వారికి తగవు. ఎవరికైనా ఇవి నేర్పు గలవారు దగ్గరుండి నేర్పవలసినవే. గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, నడుము ఎముక జారినవారు ముందుగా డాక్టర్ని అడగాలి. గర్భిణులు బోర్లా పడుకునే ఆసనం వేయకూడదు. ఏ ఆసనంలోనైనా నొప్పి పుడితే అక్కడితో ఆపాలి.

అంతకుముందు వాడుతున్న రక్తపోటు బిళ్లలు, చక్కెర బిళ్లలు యోగ మొదలుపెట్టామని మానేయడం ప్రమాదం. రోగి మందుల సంగతీ అంతే.

నడుము నొప్పి రాకుండా ముందే చూసుకోవాలి. రోగిని లేపేటప్పుడు నడుము వంచి లాగకూడదు. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, రోగిని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపాలి. పక్కకు జరపడానికి రోగి కింద ఒక దుప్పటి మడిచి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరిపితే సగం శ్రమ తగ్గుతుంది. మంచం మరీ పల్లంగా ఉంటే కోళ్ల కింద కదలకుండా దిమ్మెలు పెట్టి ఎత్తు చేసుకోవాలి.

అరగంట ఎవరిస్తారు?

ఇంత చెప్పినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. యోగ చేసే ఆ అరగంట సేపు రోగిని ఎవరు చూస్తారు?

వైద్యశాలలో యోగ నేర్పుతామన్నా రాలేకపోయిన రోగులు ఎందుకు రాలేకపోయారో నిమ్హాన్స్ వారు ఒకసారి ఆరా తీశారు. దూరాభారం, వెంట వచ్చే తోడు లేకపోవడం అందులో ముఖ్యమైన కారణాలుగా కనిపించాయి. ఇంటి దగ్గర చేసుకుందామన్నా తోడు మనిషి సమస్య పోదు. దూరం తగ్గుతుంది, అంతే.

కాబట్టి ఈ సాధన ఒక్క ఇల్లాలి పని కాదు. ఇంటిల్లిపాదీ కలిసి ఏర్పాటు చేయవలసిన పని. పొద్దున అరగంట కొడుకు తండ్రి దగ్గర కూర్చోవచ్చు. తాతకు పేపరు చదివి వినిపించడం మనవడు చేయగలడు. రాత్రి పక్క తిప్పే పని ఇద్దరు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి నాలుగైదు గంటల నిద్ర ఏకబిగిన దొరుకుతుంది. పట్నంలో ఉండి రోజూ ఫోను చేసి ‘నాయనకు ఎట్లుంది’ అని అడిగే ఆడబిడ్డలు, అన్నదమ్ములు ఏడాదికి పదిహేను రోజులైనా వచ్చి వదినకో, మరదలికో విశ్రాంతి ఇవ్వడం ధర్మం.

చాలామంది స్త్రీలకు ఇక్కడే మనసు ఒప్పదు. మామగారు మూలుగుతుంటే తాను చాప పరుచుకుని కూర్చోవడం తప్పనిపిస్తుంది. చూసినవారు ఏమనుకుంటారోనన్న జంకు ఉంటుంది. ఆ జంకు ఆమె ఒక్కతే పోగొట్టుకోలేదు. ‘నేను చూసుకుంటాలే, నువ్వు పోయి చేసుకో’ అని భర్త ఒక మాట, అత్త ఒక మాట అంటే పోతుంది. నిద్రపోయి, నెమ్మదించిన చేయి పెట్టే ముద్దకు, విసిగి వేసారిన చేయి పెట్టే ముద్దకు తేడా రోగికి బాగా తెలుస్తుంది.

ఊళ్లో పొదుపు సంఘాలు నెలనెలా సమావేశమవుతూనే ఉన్నాయి. సమావేశానికి ముందు పది నిమిషాలు అందరూ కలిసి శ్వాస సాధన చేయవచ్చు. రోగి ఉన్న ఇంటివారు ఎవరో సభ్యులకు తెలుసు. వంతులవారీగా ఒక పూట వారింట కూర్చుని వస్తే అంతకు మించిన పలకరింపు ఉండదు. యోగ నేర్చుకున్న టీచర్లు చాలా పాఠశాలల్లో ఉన్నారు. అంతర్జాతీయ యోగ దినం 2015 నుంచి ఏటా జూన్ 21న జరుపుతున్నారు. ఆ ఒక్కరోజు మైదానంలో చేసి మరిచిపోకుండా, రోగులున్న ఇళ్లకు దాన్ని చేర్చగలిగితే నిజమైన ఉపయోగం.

యోగ సరిపోనప్పుడు

దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. రెండు వారాలు దాటినా పోకుండా ఉంటే, ఆకలి నిద్ర పూర్తిగా పోతే, ఊరికే ఏడుపు వస్తుంటే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే అది జబ్బు కింద లెక్క. రోగిని కొట్టాలన్నంత కోపం వస్తున్నా, చచ్చిపోతే బాగుండునన్న తలపు ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకూడదు. అప్పుడు కావలసింది డాక్టరు. మందులతో, మాటల చికిత్సతో నయమయ్యే జబ్బే అది. యోగ దానికి తోడుగా ఉంటుంది.

ఇలాంటి వైద్యం పల్లెకు దగ్గరగా అందాలన్న ప్రయత్నం మన పొరుగునే మొదలైంది. 1980లలో బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి తర్ఫీదిచ్చి అక్కడే మానసిక వైద్యం అందించారు. దాన్ని నమూనాగా తీసుకునే 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకో, నర్సమ్మకో సంగతి చెబితే ఎక్కడికి వెళ్లాలో దారి చూపుతారు.

బస్సెక్కి వెళ్లలేనివారికి ఫోను ఉంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు. ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. రోగి గురించే కాకుండా, చూసుకునేవారు తమ బాధ గురించి కూడా చెప్పుకోవచ్చు.

డబ్బు ఇబ్బందిని ఏ ఆసనమూ తీర్చదు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఇచ్చే పింఛనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు చేసింది. డాక్టరు ధ్రువపత్రం తప్పనిసరి. అర్హత ఉండీ అందనివారు ఊళ్లోని సచివాలయంలో విచారించాలి.

కొత్తగా సాధన మొదలుపెట్టేవారు మొదటి వారం కీళ్ల కదలిక, నాలుగు–ఆరు లెక్క శ్వాస, శవాసనం మాత్రమే చేస్తే చాలు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతాయి. రెండో వారం నుంచి మిగతావి ఒక్కొక్కటే కలుపుకోవచ్చు. బెంగళూరులో తేడా కనబడింది నెల రోజులకు. అందువల్ల నాలుగు రోజులు చేసి గుణం లేదని వదిలేయకూడదు. ఆ నెల రోజులూ పొద్దుటి అరగంట రోగి దగ్గర ఎవరు కూర్చోవాలో ఇంట్లో అందరూ కలిసి ముందే వంతులు వేసుకుంటే, సగం పని అయినట్టే.